తగ్గిన పది కిలోల్లో కొవ్వెంత?

మూడేళ్ల కిందట తొమ్మిది వారాల్లో పది కిలోలు తగ్గాను. 84 నుంచి 74కి. పొద్దున నిమ్మకాయ నీళ్లు, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కీరదోస ముక్కలు, రాత్రికి గ్లాసు మజ్జిగ. సాయంత్రం నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో రౌండ్ల మీద రౌండ్లు నడక. ఫోన్లో ఎవరో చెప్పిన పద్ధతి అది. ఆ ఏడాది సంక్రాంతికి ఊరికి వెళితే మా పెద్దమ్మ గడపలోనే నిలబెట్టి అడిగింది. "ఏంది నాయనా, ఇట్టా అయిపోయినావు? షుగరేమన్నా వచ్చిందా?"

మన వైపు బరువు తగ్గినవాడికి దక్కే మొదటి బిరుదు అదే కాబట్టి నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ రోజే పాతిక కిలోల బియ్యం బస్తా భుజానికెత్తి మెట్లెక్కబోయి, సగంలోనే దించేశాను. అంతకు ముందు ఏడాది అదే బస్తా ఫోన్ మాట్లాడుతూ ఎక్కించినవాణ్ణి. చేతులు సన్నబడ్డాయి, ముఖం పీక్కుపోయింది, బొడ్డు చుట్టూ మెత్తదనం మాత్రం కదల్లేదు. మరి పోయిందేమిటి?

ఈ ప్రశ్నకు సగం జవాబు మా ఇంట్లోనే ఉంది. మా నాన్న బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేశాడు. మా జిల్లాలో వడ్లను పుట్టి లెక్కన అమ్ముతారు. పుట్టి అంటే 850 కిలోలు. కోత మిషన్ నుంచి నేరుగా వచ్చిన వడ్లను కాటా వేసే ముందు తేమ మీటరులో పోసి చూస్తారు. ప్రభుత్వం కొనేటప్పుడు 17 శాతం దాకా ఒప్పుకుంటుంది, దాటితే పేచీ. రెండు రోజులు పట్టల మీద ఆరబోస్తే బరువు తగ్గుతుంది, గింజ ఒక్కటీ పోదు. "కాటా మీద నీళ్లు కూడా వడ్లేరా" అనేవాడు నాన్న.

మనిషి ఒళ్లూ ఇంతే. కండల్లో, కాలేయంలో కలిపి నాలుగైదు వందల గ్రాముల పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీళ్లు అంటిపెట్టుకుని ఉంటాయి. అన్నం మానేసిన మూడు నాలుగు రోజుల్లో ఆ నిల్వ సగానికి పైగా కరిగిపోతుంది, నీళ్లూ దానితోపాటే వెళ్తాయి. ఉప్పు తగ్గితే ఇంకొన్ని నీళ్లు. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గి మనం ఎగిరి గంతేసేది దీనికే. అది ఆరబెట్టిన తేమ. అందులో కొవ్వు చాలా తక్కువ.

అసలు మోసం ఆ తర్వాత మొదలవుతుంది. కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. కండ అలా కాదు. అందులో నాలుగింట మూడు వంతులు నీళ్లే, ప్రొటీన్ అయిదో వంతు. కిలో కండ కరిగితే ఒంటికి దక్కేది వెయ్యి కేలరీల చుట్టూ మాత్రమే. ఇప్పుడు లెక్క వేసి చూడండి. రోజుకు 500 కేలరీలు తక్కువ తింటే వారానికి 3,500 లోటు. ఆ లోటు మొత్తం కొవ్వు నుంచే తీరితే కాటా మీద తగ్గేది అర కిలో లోపే. అదే కండ నుంచి తీరితే మూడు కిలోలు దాటుతుంది. నిజ జీవితంలో రెండూ కలిసే పోతాయనుకోండి, అయినా లెక్క అదే. కండ వాటా ఎంత పెరిగితే కాటా అంత వేగంగా దిగుతుంది. అంటే, చేయకూడని పద్ధతిలో చేసినవాడికే కాటా ఎక్కువ మార్కులు వేస్తుంది. నాకు వేసింది అవే.

ఒళ్లు కండను ఎందుకు తాకట్టు పెడుతుంది, కొవ్వు అంత నిల్వ ఉండగా? దానికి మన అందచందాలతో పని లేదు. కండ ఒక కట్టడం కాదు, ఎప్పుడూ మరమ్మతు జరుగుతుండే ఇల్లు. కండలోని ప్రొటీన్‌లో రోజూ ఒకటి రెండు శాతం కరుగుతూ, మళ్లీ కడుతూ ఉంటుంది. తిండి బాగా ఉన్న రోజుల్లో కట్టడం, కరగడం సమానంగా నడుస్తాయి. తిండి తగ్గించగానే కట్టే పని మందగిస్తుంది. ఇటుక రాకపోతే మేస్త్రీ ఏం చేస్తాడు? మరోపక్క మెదడుకు గ్లూకోజ్ కావాలి. కొవ్వులోని ప్రధాన భాగం నుంచి గ్లూకోజ్ తయారు కాదు, ప్రొటీన్ నుంచి అవుతుంది. అందుకని కరిగిన కండలో కొంత కాలేయానికి చేరి గ్లూకోజ్‌గా మారుతుంది. ఇది ఒక్క రోజు జరిగితే నష్టం లేదు. తొమ్మిది వారాలు జరిగితే బియ్యం బస్తా దగ్గర తెలుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉన్నవాళ్లకు తగ్గేటప్పుడు కండ నష్టం తక్కువ శాతంలో ఉంటుంది. సన్నబడే కొద్దీ అది పెరుగుతుంది. 110 కిలోల మనిషి కొంచెం దూకుడుగా వెళ్లినా చెల్లుతుంది. 75 కిలోల మనిషి చిన్న బొజ్జ కోసం అదే దూకుడు చూపిస్తే మూల్యం కండ రూపంలో కడతాడు.

మన దేశం వాళ్లం ఈ విషయంలో మొదటి నుంచీ కాస్త వెనకబడే ఉన్నాం. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ కలిసి దిగిన ఫొటో ఒకటి వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 22.3. ఇద్దరూ చూడటానికి ఒకే లావు. స్కానింగ్ చేస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. మనకు బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువు అని డాక్టర్లు లెక్కించడానికి ఇదొక కారణం. భోంచేశాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటాను పీల్చుకునేది కండే. షుగర్ భయంతో బరువు తగ్గుతూ, ఆ చక్కెరను పీల్చే కండనే పోగొట్టుకుంటే ఏం లాభం? పెద్దమ్మ ప్రశ్న అంత తేలికైనదేమీ కాదని నాకు అప్పుడు తెలిసింది.

కండ ఉంటే కూర్చున్నా కేలరీలు బోలెడు ఖర్చవుతాయని జిమ్ముల్లో చెబుతారు. అది పెంచి చెప్పే మాట. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు చేసేది 13 కేలరీల దాకా. అర ఇడ్లీ కూడా కాదు. కండను కాపాడుకోవాల్సింది బలానికి, షుగర్ అదుపుకు, ముసలితనానికి.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంతో ఆకలి పాలైన యూరప్ జనానికి మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం ఉద్దేశం. వాళ్లకు ఆరు నెలలు రోజుకు దాదాపు 1,570 కేలరీలు ఇచ్చారు. ఎక్కువగా బంగాళదుంపలు, బ్రెడ్డు, మాకరోనీ. వారానికి 22 మైళ్లు, అంటే 35 కిలోమీటర్లు నడవాలి. బరువులో నాలుగో వంతు పోయింది, కొవ్వుతో పాటు కండా పోయింది. తిరిగి తిండి పెట్టినప్పుడు ముందుగా, వేగంగా వచ్చింది కొవ్వు. కండ వెనక మెల్లగా నడిచొచ్చింది.

ఆ లెక్క చదివి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రోజుకు అయిదు కిలోమీటర్ల నడక, సగం తిండి, ప్రొటీన్ తక్కువ, బరువులెత్తే పని లేదు. వీఆర్సీ గ్రౌండ్‌లో నేను చేసింది అదే, వాళ్లకన్నా తక్కువ తిండితో. ఆ తర్వాత ఏడాదిన్నరలో నా బరువు తిరిగి 84కి చేరింది. మొదటి 84 వేరు, రెండో 84 వేరు. ప్యాంటు సైజు ఒకటి పెరిగింది.

నడక చెడ్డదని కాదు. గుండెకు మంచిది, మనసుకు మంచిది. కానీ కండకు "నీ అవసరం ఉంది" అని కబురు పంపేది నడక కాదు, బరువు. దీనికి మన ఒంగోలు గిత్తలను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. (వీటి సంతతే బ్రెజిల్‌లో లక్షల మందలై, మన నెల్లూరు పేరుతోనే నెలోర్ జాతిగా చలామణి అవుతోంది.) సంక్రాంతి బండలాగుడు పందేలకు గిత్తలను సిద్ధం చేసేవాళ్లను అడిగి చూడండి. ఉలవలు పెడతారు, పత్తిగింజలు పెడతారు. అంతటితో వదిలేస్తే గిత్త కొవ్వెక్కుతుంది తప్ప బండ కదలదు. నెలల తరబడి బరువు కట్టి తోలతారు. మేత, లాగుడు రెండూ కలిస్తేనే ఆ మూపురం కింద కండ పడుతుంది.

మనకు బండ అక్కర్లేదు. వారానికి రెండు మూడు సార్లు, ముప్పావు గంట చాలు. గుంజీలు, పుషప్పులు, నేల మీది నుంచి బరువు ఎత్తడం, దగ్గరికి లాగడం, తలపైకి ఎత్తడం. చివరి రెండు మూడు సార్లు కష్టంగా ఉండాలి, లేకపోతే కబురు అందదు. జిమ్ముకు పోలేనివాళ్లు పది కిలోల బియ్యం సంచి వీపున వేసుకుని గుంజీలు తీయొచ్చు, నేను మొదట్లో తీశాను. చాలామంది చేసే తప్పు ఒకటుంది: డైట్ మొదలవగానే బరువులు తగ్గించి, ఎక్కువ సార్లు ఎత్తడం. కొవ్వు "కట్" అవుతుందని ఒక జిమ్ములో నాకూ ఇదే చెప్పారు. నిజానికి తిండి తక్కువైన రోజుల్లో ఎత్తే బరువు తగ్గించకూడదు. ఓపిక లేకపోతే ఎన్ని సార్లు అన్నది తగ్గించుకోవచ్చు. ఎత్తే బరువు నిలిచి ఉంటే కండ నిలిచి ఉందనే అర్థం.

ఇక మేత సంగతి. ఇక్కడే మన వంటింట్లో అసలు చిక్కు. నా పాత రోజు తిండిని కాగితం మీద పెట్టాను, డైట్‌లో లేని మామూలు రోజుది. పొద్దున నాలుగు ఇడ్లీలు, 8 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం పళ్లెం నిండా అన్నం, 8. కప్పు పప్పు, 7. పెరుగు, 5. సాయంత్రం టీతో మిక్చరు, 3. రాత్రి మూడు చపాతీలు, కూర కలిపి 12. మొత్తం 43 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలోకు 0.83 గ్రాములు కావాలి, అంటే 65 కిలోల మగవాడికి 54. డైట్ మొదలుపెట్టక ముందే లోటులో ఉన్నాను. దానిలోంచి ఇడ్లీ, పప్పు కూడా తీసేసి నిమ్మకాయ నీళ్లు పెట్టాను. ఆ మధ్య ఊరూరా నడిచిన కొబ్బరినూనె డైట్ చేసినవాళ్లదీ దాదాపు ఇదే కథ. ద్రవాలు, నూనె తప్ప వేరే లేని రోజుల్లో ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుంది?

బరువులెత్తుతూ కొవ్వు తగ్గించుకునేవాళ్లకు కిలోకు 1.6 గ్రాముల దాకా ఉంటే మంచిదని ఇప్పుడు చాలా పరిశోధనలు ఒప్పుకుంటున్నాయి, మరీ సన్నబడుతున్నవాళ్లకు ఇంకా ఎక్కువ. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2016లో వచ్చిన అధ్యయనం ఒకటి ఈ సంగతి గట్టిగా చూపించింది. అధిక బరువున్న 40 మంది యువకులకు నాలుగు వారాలు అవసరమైన దానిలో 40 శాతం కేలరీలు తగ్గించి, వారానికి ఆరు రోజులు గట్టి వ్యాయామం చేయించారు. సగం మందికి కిలోకు 1.2 గ్రాముల ప్రొటీన్, సగం మందికి 2.4. తక్కువ తిన్నవాళ్లకు కండ దాదాపు ఉన్నచోటే ఉంది, కొవ్వు 3.5 కిలోలు పోయింది. ఎక్కువ తిన్నవాళ్లకు కొవ్వు 4.8 కిలోలు పోయింది, కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది కూడా. అంత లోటులో! వాళ్లు కుర్రవాళ్లు, ఆ వ్యాయామం అలవాటు లేనివాళ్లు అన్నది మరవకూడదు. నలభై అయిదేళ్ల బ్యాంకు ఉద్యోగికి అదే ఫలితం వస్తుందని నేను చెప్పను. పోకుండా నిలబడితే అదే లాభం.

నా గురి 70 కిలోలు. 1.6 పెట్టి గుణిస్తే 112 గ్రాములు. నెల్లూరులో ఉండి ఇంత ప్రొటీన్ దొరకదనడం, పెన్న ఒడ్డున కూర్చుని దాహమనడం లాంటిదే. చుట్టూ రొయ్యల గుంటలు, పక్కనే సముద్రం. పచ్చి రొయ్య వంద గ్రాముల్లో 20 గ్రాముల దాకా ప్రొటీన్, కొవ్వు నామమాత్రం. చేపలోనూ దాదాపు అంతే. మనం పెంచిన రొయ్య ఐసు పెట్టెల్లో విదేశాలకు పోతుంది, మనం సాయంత్రం బజ్జీలు తింటాం. చేపల పులుసు కూడా తప్పేమీ కాదు, ముక్క మీద చెయ్యి పెట్టాలి, పులుసులో నాలుగోసారి అన్నం కలపకూడదు. నాకు ఇప్పటికీ కష్టమైన పని అదే. మర్నాటి పులుసైతే మరీ.

రెండో ప్రయత్నంలో నా రోజు ఇలా ఉండేది. పొద్దున మూడు గుడ్లు, రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం నూట యాభై గ్రాముల చేప, పప్పు, పాత దానిలో సగం అన్నం, పెద్ద గిన్నె పెరుగు. సాయంత్రం గుప్పెడు ఉడకబెట్టిన శనగలు, గ్లాసు పాలు. రాత్రి రొయ్యలో చికెనో నూట యాభై గ్రాములు, రెండు చపాతీలు. ప్రొటీన్ 115 గ్రాములు దాటేది. ఆకలి కూడా అదుపులో ఉండేది, ప్రొటీన్‌కు ఆ గుణం ఉంది. ఒక్క పూటలో మొత్తం తినేయకుండా మూడు నాలుగు సార్లు పాతిక, ముప్పై గ్రాముల చొప్పున పంచుకోవడం మంచిది. గంటల పట్టింపు అవసరం లేదు.

శాకాహారులకు కష్టం కాస్త ఎక్కువే, దాచడం దేనికి. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో పండే శనగలు మంచివే, కానీ వంద గ్రాముల శనగల్లో ప్రొటీన్ 20 గ్రాములైతే పిండిపదార్థం దానికి మూడింతలు. వేరుశనక్కాయల్లో 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, 560 కేలరీలకు పైగా వెంట వస్తాయి. తక్కువ కేలరీల్లో ఎక్కువ ప్రొటీన్ కావాలంటే మీల్ మేకర్ నయం, ఎండువి యాభై గ్రాముల్లో 26 గ్రాములు. పెసరట్టు, పాలు, వెన్న తీసిన పెరుగు, పనీరు కొద్దిగా. అప్పటికీ చాలకపోతే వే ప్రొటీన్ ఒక స్కూపు. దాన్ని చూసి మందు అనుకుని భయపడతారు గానీ, అది పాల విరుగుడు నుంచి తీసి ఎండబెట్టిన పొడే.

కిడ్నీలు పాడవుతాయా అని అందరూ అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ మోతాదులో హాని జరిగినట్టు ఆధారాలు లేవు. కానీ కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్ల లెక్క వేరు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పెరిగినవాళ్లకు, ఎప్పటి నుంచో షుగర్, బీపీ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరును అడిగాకే ప్రొటీన్ పెంచండి.

వేగం మాటకొస్తే, వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం లోపు. 80 కిలోలకు 400 నుంచి 800 గ్రాములు. నార్వేలో క్రీడాకారులను రెండు జట్లు చేసి, ఒకరిని వారానికి 0.7 శాతం, ఇంకొకరిని 1.4 శాతం చొప్పున తగ్గేలా చూశారు. ఇద్దరూ బరువులెత్తారు, చివరికి తగ్గిన బరువూ దాదాపు సమానమే. నెమ్మదిగా వెళ్లినవాళ్లకు కొవ్వు కాని బరువు 2 శాతం పెరిగింది, వేగంగా వెళ్లినవాళ్లకు పెరగలేదు. పెళ్లి ముహూర్తం పెట్టుకుని డైట్ మొదలుపెట్టేవాళ్లకు ఈ మాట రుచించదని నాకు తెలుసు.

నిద్రను అసలు లెక్కలోకే తీసుకోం. 2010లో షికాగో విశ్వవిద్యాలయంలో పది మందికి ఒకే తిండి పెట్టి, రెండు వారాలు పడక మీద ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు అయిదున్నర గంటలే ఉంచారు. రెండుసార్లూ మూడేసి కిలోల దాకా తగ్గారు. బాగా పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర తక్కువైనప్పుడు 0.6 మాత్రమే. మిగతాదంతా కొవ్వు కానిది. చిన్న అధ్యయనమే, కానీ రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూసి పొద్దున్నే అయిదింటికి వాకింగ్‌కు లేచే మా గ్రౌండ్ మిత్రులకు దీన్ని చదివి వినిపించాను. ఒకాయన నాతో వారం మాట్లాడలేదు.

ఎక్కువ దిగులుపడాల్సింది మాత్రం ఇంట్లో ఆడవాళ్ల గురించి. మా అమ్మకు అరవై దాటాయి. శనివారం ఒంటిపూట, కార్తీకంలో సోమవారాలు, మిగతా రోజుల్లో రాత్రికి రెండు ఇడ్లీలతో సరి. మోకాళ్ల నొప్పులకు బరువు తగ్గమన్నారని చెప్పి ఆ రెండూ ఒకటి చేసింది. ముప్పై దాటాక పదేళ్లకోసారి కండ కొన్ని శాతం చొప్పున దానంతటదే తగ్గుతూ వస్తుంది, ఆడవాళ్లకు ముట్లుడిగాక బలం ఇంకా త్వరగా జారుతుంది. దాని మీద ఆకలి తోడైతే మోకాలిని పట్టి ఉంచాల్సిన తొడ కండే పోతుంది. ఉపవాసం మానమంటే మా ఇంట్లో యుద్ధమే. అందుకని ఉపవాసం లేని రోజుల్లో రెండు గుడ్లు, పెరుగు పెంచాం, రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం పెట్టాం. మొదటి రోజు నాలుగు దగ్గర ఆగింది.

వారానికోసారి వేసుకునే కొత్త ఇంజెక్షన్ల మాట ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు క్లినిక్కుల్లోనూ వినిపిస్తోంది. ఆకలిని చంపేస్తాయి, బరువు బాగానే తగ్గుతుంది. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద జరిగిన ఒక పెద్ద పరీక్షలో కొందరికి స్కానింగ్ చేస్తే, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కానిదని తేలింది. అదంతా కండే అనలేం, నీళ్లు, ఇతర కణజాలమూ అందులో ఉంటాయి. కానీ ఆకలే లేని మనిషి మొదట వదిలేసేది ముద్దపప్పూ, చేప ముక్కా కాబట్టి, బరువులు, ప్రొటీన్ వాళ్లకే ఎక్కువ అవసరం.

మరి కండ నిలిచిందో లేదో ఎలా తెలుస్తుంది? జిమ్ముల్లో కాళ్లు పెట్టి నిలబడితే కండ శాతం చెప్పే మెషీన్లను నేను నమ్మను. గ్లాసు నీళ్లు తాగినా, చెమట పట్టినా అంకె మారుతుంది. దర్జీ టేపు చాలు. బొడ్డు దగ్గర నడుము, నెలకు రెండుసార్లు, పొద్దున్నే. పక్కన ఒక నోటుపుస్తకంలో ఎత్తిన బరువులు. నడుము తగ్గుతూ బరువులు నిలబడితే కాటా కదలకపోయినా పర్వాలేదు. నడుము కదలకుండా కాటా ఒక్కటే దిగుతుంటే, బరువులు కూడా పడిపోతుంటే ఆగి తిండి పెంచాల్సిందే. నా మొదటి డైట్‌లో బరువు 76 దగ్గర ఉన్నప్పుడు నడుము 36న్నర అంగుళాలు. రెండోసారి ఏడు నెలలు పట్టి అదే 76కి వచ్చాను. నడుము 34.

ఈ సంక్రాంతికి మూడు రోజులు అరిసెలు, గారెలు, పులుసు, ఏదీ వదల్లేదు. కనుమ మర్నాడు కాటా ఎక్కితే కిలో ఎనిమిది వందలు పెరిగాను. టెన్షన్‌తో నాన్నకు చూపించాను. "తేమెక్కింది, ఆరబెట్టు" అని పేపర్లో తల దూర్చేశాడు. మామూలు తిండికి వచ్చిన అయిదో రోజుకు కిలోన్నర దిగింది. మిగిలిన మూడు వందల గ్రాములు అరిసెల ఖాతాలో రాసుకున్నాను.